పడుగుకు కట్టిన యాంటెన్నా

ముందే చెబుతున్నాను, నాకు గోరంతను కొండంత చేసే జబ్బుంది. మా ఇంట్లో ఎలుక కనబడితే, వీధి చివరికి వెళ్లేలోగా దాన్ని చిరుతపులి చేసేస్తాను. కాబట్టి ఈ ఘోరాన్ని మీకు తోచినంత తగ్గించుకుని చదవండి. ఎంత తగ్గించినా నా పరువు మాత్రం మిగలదు.

అప్పట్లో నేను మంగంపేట ముగ్గురాయి గనిలో గుమాస్తాను. కాపురం రాజంపేట పక్కన, అత్తగారి ఊళ్లో, నేతగాళ్ల వీధిలో. కేబుల్ మస్తాన్ ఇచ్చే బొమ్మలో ప్రతి మనిషి వెనకా వాడి దయ్యం కూడా నిలబడేది. ఒకరోజు ఒళ్లు మండి తీగ పీకేసి, అటక మీది పాత యాంటెన్నా దించాను.

"దానికి బొమ్మలేం వస్తాయప్పా, కాకులొచ్చి వాలతాయి" అన్నాడు మస్తాన్.

"నీ కేబుల్ కన్నా కాకులే నయం. అద్దం మాదిరి బొమ్మ తెప్పిస్తా, సూడు!"

ఆ ఆదివారమే మా మామ చెన్నప్ప టీవీలో కనబడాలి. పుట్టి బుద్ధెరిగాక మగ్గం గుంట దాటని మనిషిని సర్కారు చానెల్ వాళ్లు వచ్చి మాట్లాడించి పోయారు. ఒక్కసారే వేస్తారట. ఫోన్లలో బొమ్మలు చూసే కాలం ఇంకా రాలేదు. మామ ఉతికిన పంచె కట్టి, టీవీ ముందు పెళ్లికొడుకులా కూర్చున్నాడు. వీధి వీధంతా మా ఇంట్లోనే, ఒక్క ఓబులేసు తప్ప. వాడు పడుగు పరిచాడు. చీరకు నిలువుగా పోయే దారాలను వీధి పొడవునా సాగదీసి గంజి పెట్టడమన్నమాట. ఆ తడి ఆరేదాకా దాన్ని వదిలి కదలకూడదు.

మిద్దె మీద యాంటెన్నా గాలికి పిచ్చెక్కినట్టు తిరుగుతోంది. దాని కొమ్ముకో తాడు కట్టి, కిందికి దిగి, దేనికి బిగిద్దామా అని చూశాను. పడుగును బిగించే తాడు కనబడింది. ముడేసి పైకెక్కాను. నేతగాళ్ల మధ్య బతుకుతూ ఆ పని చేయడం నాబోటి మేధావికే సాధ్యం.

ఓబులేసు పడుగు బిగించాడు. లోపలినుంచి మా ఆవిడ నాగమణి కేక: "వచ్చినాది! నాయన వచ్చినాడు! అట్నే ఉండనీ!"

ఓబులేసు సడలించాడు.

"పాయె! ఉప్పు సల్లినట్టుండాది!"

"నేనేం కదపలేదే!"

"మళ్లా వచ్చె! అయ్యో, మళ్లా పాయె! ఏం సేస్తాండావయ్యా ఆడ?"

బొమ్మ ఓబులేసు చేతిలో ఉందని అప్పుడు వెలిగింది. పిట్టగోడ మీంచి వంగి అరిచాను.

"ఓబులేసూ, లాగప్పా!"

"లాగితే దారాలు తెగుతాయప్పా!"

"మా మామ టీవీలో ఉండాడు, రవ్వంత లాగు!"

ఇంతలో గాలి విసిరింది. యాంటెన్నా ఒకవైపు, ఓబులేసు ఒకవైపు. మధ్యలో పడుగు ఉయ్యాలలూగింది. తడి దారాలు ఒకదాన్నొకటి కౌగిలించుకోసాగాయి.

"సచ్చినాన్రా! పడుగు పాయె!" అని ఓబులేసు కేక పెట్టాడు.

లోపల టీవీలో మామ అద్దంలా వెలుగుతూ నోరు తెరిచాడట. ఆ కేక విన్న అసలు మామ తన ముఖాన్ని తానే వదిలేసి వీధిలోకి దూకాడు.

"ఆ పక్క పట్టుకోండ్రా! అల్లుడా, ముందు ఆ తాడు కోసెయ్!"

వెనకే ఇల్లంతా ఖాళీ. తలా ఒక చేయి వేసి, దారానికి దారం విడదీసి, పడుగును బతికించారు. నేను తాడు కోసి, బొమ్మ పోకుండా యాంటెన్నాను వాటేసుకుని నిలబడ్డాను.

అందరూ తిరిగొచ్చేసరికి టీవీలో ఎవరో టమాటా పురుగు గురించి చెబుతున్నారు. మామ కుర్చీలో మస్తాన్ ఒక్కడే ఉన్నాడు.

"శానా బాగా మాట్లాడినావు చెన్నప్పా! పడుగు సెడితే ముద్ద గొంతు దిగదంటివే, నాకు కండ్లల్లో నీళ్లు తిరిగినాయి."

"అట్లన్నానా!" అని మామ మురిసిపోయాడు.

ఆ సాయంత్రం తలస్నానం చేసి, తూర్పుకు తిరిగి ప్రమాణం చేశాను: ఈ జన్మలో నా తాడును మరొకరి బతుకుతాడుకు ముడివేయను. టీవీలో మనిషి ఇద్దరుగా కనబడితే, ఒకరిని కొసరుగా ఇచ్చారనుకుని నోరు మూసుకుంటాను.

ఇక, ఇందులో నేను కల్పించింది ఒక్కటే. మస్తాన్ కుర్చీలో కూర్చోలేదు. పడుగు పట్టుకోవడానికి అందరికన్నా ముందు ఉరికింది వాడే. మామ టీవీలో ఏమన్నాడో మా వీధిలో ఈనాటికీ ఎవరికీ తెలియదు. ఆయన్నే అడిగితే, "ఆ పొద్దు భయానికి నోటికొచ్చింది మాట్లాడినాలే నాయనా, టీవీలో సూసి తెలుసుకుందామనుకున్యా" అంటాడు.