తిత్తిలో పట్టే ఫోను

మా అత్త బంగారమ్మ నడుముకు ఎప్పుడూ ఒక తిత్తి వేలాడుతుంటుంది. నీలం గుడ్డతో తానే కుట్టుకున్న తాళ్ల సంచి. అందులో చుట్టలు, అగ్గిపెట్టె, చేపలమ్మిన చిల్లర. చీరకు జేబుండదు కాబట్టి ఆమెకు అదే జేబు. మందస అవతల సముద్రం ఒడ్డున తెల్లారకముందే వేలంలో చేపలు పాడుకుని, తట్ట నెత్తికెత్తుకుని ఊళ్లు తిరుగుతుంది. ఏ వేళకు ఏ ఊళ్లో ఉంటుందో ఆమెకే తెలియదు.

2006లో నా భార్య మోహినికి నెలలు నిండుతుంటే నా దిగులంతా అదే. ఆసుపత్రి దగ్గర్లో ఉండాలని కాన్పుకు పుట్టింటికి పంపకుండా పలాసలోనే ఉంచుకున్నాను. "అమ్మ వస్తేనే కంటాను" అంది మోహిని. అలా కుదరదని బీఎస్సీ చదివిన నాకు తెలుసు. ఆమెకు చెప్పే ధైర్యమే లేదు. అందుకని అత్తకు ఫోను కొందామని మన్మథరావు కొట్టుకు తీసుకెళ్లాను.

మన్మథరావు ఒక రంగుల ఫోను తీశాడు. అత్త దాన్ని చూడనేలేదు. తిత్తి విప్పి బల్ల మీద పెట్టింది.

"ఇందల పట్టాల, బాబూ."

పట్టింది గానీ, చోటు చాలక చుట్టలు బయటికొచ్చాయి.

"చుట్టలు కొన్ని తగ్గించొచ్చు కదా అత్తా," అన్నాను ఆశగా. ఇంటికి పసిబిడ్డ వస్తోంది, పొగ తగలకూడదని నా బాధ.

"ఏటల్లుడా, ఫోను కొంతన్నావా, నా సుట్టల మీద కాపలా ఎడతన్నావా?"

మన్మథరావు మడతపెట్టే ఫోను చూపించాడు. "మూసేత్తే సిన్నదే అప్పా, సూడు."

"ఇదేటి, పీతలాగ నోరు తెరుత్తంది! నాకొద్దు, సెయ్యి కరిసీగల్దు."

అలా కొట్లోని ఫోన్లన్నీ తిత్తిలో దూరి బయటికొచ్చాయి. చివరికి కొసన టార్చిలైటున్న సన్నటి ఫోను ఒకటి దొరికింది. అది ఒక్క చుట్టనైనా కదపకుండా లోపలికి జారిపోయింది.

"ఇదీ ఫోనంటే! సుట్టల్లో సుట్టలాగ కలిసిపోనాది," అని మురిసిపోయింది అత్త.

నేను అప్పుడే ఆలోచించాల్సింది. మా ఒడ్డున పెద్దవయసు ఆడవాళ్లు చుట్ట తిరగేసి కాలుస్తారు. నిప్పు కొస నోట్లో, చల్లటి కొస బయట. గాలికి ఆరదు, కబుర్లూ ఆగవు. చిన్నప్పటి అలవాటు కావడంతో, వెలుగుతున్న కొస ఏదైనా సరే అత్త చేతికొస్తే నోటివైపే వెళుతుంది.

ఒకరోజు తెల్లవారుజామున మోహినికి నొప్పులు మొదలయ్యాయి. వెంటనే అత్తకు ఫోను చేశాను. సరిగ్గా అప్పుడే ఆమె ఒడ్డున ఫోను లైటు వేసుకుని, తిత్తిలో చుట్ట వెతికి అంటించుకుంది. ఒక చేతిలో చుట్ట, ఒక చేతిలో ఫోను. గంట మోగేసరికి కంగారుపడి చుట్ట చెవికి ఆనించుకుంది. వెలుగుతున్న ఫోను కొసను నోట్లో పెట్టుకుంది. ఆ కంగారులోనే వేలు పచ్చ బటన్ మీద పడింది.

"అత్తా! బేగి రా!" అని అరిచాను.

ఆ ఫోనుకు మాట వినిపించేది లైటున్న కొసనే. నా కేక ఆమె నోట్లోంచి బయటికొచ్చింది.

"ఓలమ్మో! బంగారమ్మకి అమ్మోరొచ్చీసింది!" ఆమెతో కలిసి చేపలమ్మే కన్నమ్మ గొంతు నాకు స్పష్టంగా వినిపించింది.

"అమ్మోరు కాదే, మగ గొంతు! పోతురాజు!" అని ఇంకెవరో.

"మోహినికి నొప్పులొచ్చాయి!" అన్నాను.

"పోతురాజుకి బంగారమ్మ గుంట పేరు కూడా తెలుసర్రా!"

అత్త ఫోను తీసేసేదే. కానీ ఆడవాళ్లు ఆమె రెండు చేతులూ పట్టుకుని మొక్కుతున్నారట. చీకట్లో ఆమె బుగ్గలు లోపల్నుంచి ఎర్రగా వెలిగాయని కన్నమ్మ ఇప్పటికీ చెబుతుంది.

"తండ్రీ, ఈవేళ పడవలు ఏ దిక్కుకెల్తే సేపలు పడతాయి?"

"పలాస ఆసుపత్రికి! ఆటో ఎక్కండి!"

"పలాసలో సేపలేటర్రా?"

"బంగారమ్మని ఎక్కించండి!" అని గొంతు చించుకున్నాను. ఫోను ఆగిపోయింది. వస్తుందో రాదో తెలియక నేను ఆసుపత్రి వరండాలో గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను.

తెల్లగా తెల్లారేసరికి ఆటో వచ్చి ఆగింది. పోతురాజు మాట తీసేయకూడదని ఒడ్డు మీది ఆడవాళ్లంతా ఒకరి మీద ఒకరు కూర్చుని వచ్చారు. అందరి అడుగునుంచి అత్త దిగింది. ఒక చెవి కమిలి ఉంది.

"అమ్మా, సెవికేటైంది?" అంది మోహిని నొప్పుల మధ్యే.

"నీ మొగుడు ఫోను సేసినాడే," అని అత్త కూతురి చెయ్యి పట్టుకుంది. ఇంకాసేపటికి పాప పుట్టింది.

ఫోను, చుట్ట ఒకే తిత్తిలో ఉండకూడదని అత్త ఆ రోజే తీర్మానించింది. చుట్ట పోతుందని నేను లోలోపల సంబరపడ్డాను. ఆమె ఫోను తీసి కన్నమ్మకు ఇచ్చేసింది.

ఆ తర్వాత పాపకు ఎక్కిళ్లొచ్చినా, పాలు కక్కినా, మామూలుకన్నా ఎక్కువసేపు నిద్రపోయినా ఆ ఫోనుకే చేసేవాణ్ణి. కన్నమ్మ ఎత్తి అనేది:

"ఎవులూ, పోతురాజుగోరా? ఉండండి బాబూ, బంగారమ్మకి ఇత్తన్నాను. అన్నట్టు, రేపు పడవలు ఏ దిక్కుకెల్తే బాగుంటాదంటారు?"