ఫిలోమీన్ అత్త చెప్పే దారి

ఫిలోమీన్ అత్త జన్మలో ఎవరికీ తిన్నగా దారి చెప్పలేదు. ఆవిడ ఇంటికి బయల్దేరినవాడు చేరడం చేరతాడు గానీ, అనుకున్న పూటకి మాత్రం చేరడు.

"హైవే దిగి ఎడమకి తిరుగు నాయనా. చక్రాల్లేని బడి బస్సు కనబడుతుంది. దాని వెనకే ఆల్సిడ్ ఇల్లు. తలుపు గట్టిగా బాదు, చెవుడు. అతను వెరోనిక్ ఇల్లు చూపిస్తాడు. కుక్క అరుస్తుంది, కరవదు. ఆవిడ్ని అడిగితే మా ఇల్లు చెబుతుంది."

ఇదీ వరస. ఫ్రిజ్ బాగుచేయడానికి వచ్చినవాడు ఆ సంగతే మరిచిపోయి, వెరోనిక్ పొయ్యి గొట్టం బిగించి వెళ్లిపోయాడు. కొత్తగా వచ్చిన ఫాదర్‌గారు పొద్దుటి ప్రార్థనకని బయల్దేరి సాయంత్రం ప్రార్థన చేయించారు. జనాభా లెక్కలాయన అయితే ఇంటింటా మాంసపు ఉండల సూపు తాగి తాగి, ఆఖర్న లెక్కలో తననీ కలిపేసుకున్నాడని చెప్పుకుంటారు.

అత్త మేనల్లుడు లీలండ్ లాయరు. అత్తా వాళ్లూ ఉండే కొండల్లోని తమ ఆదివాసీ తెగ తరఫున కేసులు వాదిస్తాడు. తిన్నగా మాట్లాడటమే వృత్తిగా ఉన్నవాడికి ఈ అత్త దొరికింది.

"అత్తా, హైవే నుంచి నీ గుమ్మందాకా గీత గీసినట్టు రోడ్డుంది కదా! ఆ ముక్క చెబితే నీ సొమ్మేం పోయింది?"

"ఆ రోడ్డు మీద ఏముందిరా, గడ్డి తప్ప?" అనేది అత్త.

ఇలాంటి మనిషిని పట్టుకుని రాష్ట్ర ప్రభుత్వం "నీ ఇంటి నంబరేది?" అని అడిగింది. కొత్త చట్టం చేశారు. ఓటు వేయాలంటే గుర్తింపు కార్డు మీద వీధి పేరూ ఇంటి నంబరూ ఉండాలట. తెగ ఇచ్చిన కార్డు మీద పోస్టాఫీసు పెట్టె నంబరే ఉంటుంది. ఈ కొండల్లో వీధికి పేరు పెట్టినవాడు లేడు, గుమ్మానికి నంబరు కొట్టినవాడు లేడు. ఆ సంగతి చట్టం చేసినవాళ్లకి తెలియదా అంటే, శుభ్రంగా తెలుసు. తెలిసే చేశారు. వాళ్ల తాతలు ఈ నేలని కొలిచి పంచుకున్న రోజున ఏ నంబరూ లేకుండానే ఇళ్లు దొరికాయి. తెగ పిల్లల్ని ఎత్తుకుపోయి దూరపు బళ్లలో పడేసిన రోజునా దొరికాయి. ఓటు దగ్గరికొచ్చేసరికి మాత్రం దొరకడం లేదు! తలుచుకుంటే లీలండ్‌కి ఒళ్లు మండిపోయేది.

పోయిన ఎన్నికల్లో అత్త ఇస్త్రీ చేసిన గౌను వేసుకుని ఓటుకి వెళ్లింది. వయసొచ్చినప్పటి నుంచి ఒక్క ఓటూ మానని మనిషి. పోలింగు బల్ల దగ్గర కూర్చున్న డార్లీన్, చిన్నప్పుడు అత్త చేతి ముద్దలు తిన్న పిల్లే, కార్డు చూసి ఏడ్చింది. "నంబరు లేదు అత్తా, నన్నేం చేయమంటావు?" అత్త ఏడవలేదు. ఓటు వేయకుండానే ఇంటికొచ్చి గౌను మడత పెట్టింది. ఆ రోజంతా ఫోను మోగుతున్నా తీయలేదు.

కౌంటీ ఆఫీసుకి, అంటే జిల్లా కచేరీకి, ఫోను చేస్తే నంబరు ఇస్తాం కదా, అంది ప్రభుత్వం. అత్త చేసింది, వాళ్లు ఇచ్చారు. లీలండ్ ఆ నంబరు పటంలో వెతికితే సరస్సు నడిమధ్యన తేలింది.

"నేను ఓటరునా, చేపనా?" అని మండిపడింది అత్త. "కేసు వెయ్యరా. ఆల్సిడ్‌నీ వెరోనిక్‌నీ కూడా కలిపి వెయ్యి. వాళ్లనీ ఇలాగే తిప్పి పంపారు."

కేసు పడింది. అత్తకి మోకాళ్ల నొప్పులు కనక వాంగ్మూలం ఇంట్లోనే తీసుకోవాలని కుదిరింది. టైపు చేసే అమ్మాయిని వెంటబెట్టుకుని లీలండ్ ముందే చేరుకున్నాడు. ప్రభుత్వ లాయరు హాల్వర్సన్ రాజధాని నుంచి కారులో రావాలి.

ఫోను మోగింది. లీలండ్ చేయి చాచేలోపే అత్త అందుకుంది. "హైవే దిగి ఎడమకి తిరుగు నాయనా..."

లీలండ్ తల పట్టుకున్నాడు. ప్రభుత్వం వాదనే అది: తమ ఇల్లెక్కడుందో చెప్పలేనివాళ్లకి ఓటెలా ఇస్తాం అని. ఇప్పుడు అత్త స్వయంగా, తియ్యటి గొంతుతో, కేసుని వాళ్ల చేతిలో పెడుతోంది.

హాల్వర్సన్ వచ్చేసరికి మధ్యాహ్నం వాలిపోయింది. నల్లకోటు నిండా కుక్క వెంట్రుకలు, మోచేతుల దాకా కట్టెల పొట్టు, చంకలో జామ్ సీసా.

"ఏమిటండీ ఇది! హైవే నుంచి తిన్నగా రోడ్డుందిగా!"

"ఉంది" అంది అత్త.

"మరి నన్నెందుకు ఊరంతా తిప్పారు?"

"ఆల్సిడ్ ఎలా ఉన్నాడు?"

"దగ్గుతున్నాడు. పడుకుంటే ఎక్కువవుతోందట..." అంటూ ఆగిపోయాడు, తను చెబుతున్నదేమిటో అప్పుడే తెలిసినట్టు.

"పొయ్యి?"

"ఆరిపోయింది. కట్టెలు నేనే తెచ్చి వెలిగించాను."

"వెరోనిక్ ఏమైనా తిందా?"

"ఒక్కదాన్నీ తినబుద్ధి కాదంది. ఇద్దరం కూర్చుని తిన్నాం. ఈ సీసా మీకిమ్మంది."

టైపు చేసే అమ్మాయి తలెత్తింది. "ఇదంతా కూడా కొట్టమంటారా?"

"కొట్టమ్మా, ఒక్క ముక్క వదలకు" అన్నాడు లీలండ్.

"వాళ్లిద్దరూ ఒంటివాళ్లు బాబూ. నాకేమో మోకాళ్లు కదలవు. నా ఇంటికి రోజూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. అందరూ తిన్నగా వచ్చేస్తే వాళ్ల తలుపు తట్టేదెవరు?"

లీలండ్‌కి ఫ్రిజ్ వాడూ, ఫాదర్‌గారూ, జనాభా లెక్కలాయనా వరసగా గుర్తొచ్చారు. పోయిన చలికాలం వెరోనిక్ జారిపడితే ఇదే అత్త అంబులెన్సుకి ఒక్క ముక్కలో దారి చెప్పింది. అప్పుడు పక్కనే నిలబడి విన్నాడు. విని కూడా, ఈవిడకి తిన్నగా చెప్పడం వచ్చునని అతనికి తట్టలేదు.

అత్త గొంతులో తీపి పోయింది. "మా ఇల్లెక్కడో తెలియాలన్నారుగా. తెలిసిందా?"

"తెలిసింది."

"ఆల్సిడ్ ఇల్లు? వెరోనిక్ ఇల్లు?"

"తెలిశాయి."

"నంబరు కావలసొచ్చిందా? మమ్మల్ని పోలింగు గుమ్మంలోంచి తరమడానికి సిగ్గులేదూ మీ ప్రభుత్వానికి! అది కూడా కొట్టమ్మా."

హాల్వర్సన్ కోటు దులుపుకుని కాగితాలు తీశాడు. అడగాల్సిన ప్రశ్నల్లో సగం ఆ రోజు అడగనే లేదు.

జడ్జి తీర్పు ఎన్నికల ముందే వచ్చింది. తెగ కార్డు చెల్లుతుంది, నంబరు లేనివాళ్లు పటం మీద తమ ఇంటి చోట గుర్తు పెడితే చాలు.

ఎన్నికల రోజున అత్త మళ్లీ అదే గౌనులో వెళ్లింది. డార్లీన్ నవ్వుతూ పటం ముందుంచింది. అత్త తన ఇంటి చోట గుర్తు పెట్టింది. పెట్టి ఊరుకుందా? పెన్ను వదలకుండా హైవే దగ్గర మొదలుపెట్టి ఎడమకి తిప్పి, బడి బస్సు బొమ్మ వేసి, దాని వెనక ఒక ఇల్లు, ఇంకాస్త ముందుకి ఒక కుక్కా గీయసాగింది.

"అత్తా, ఇల్లొక్కటి చాలు!" అని మొత్తుకుంది డార్లీన్.

"నిజమో కాదో చూడ్డానికి ఎవరైనా వస్తే? దారి తెలియొద్దటే?"

వరసలో వెనక నిలబడ్డ ఆల్సిడ్ మెడ చాచి పటంలోకి చూశాడు. "తలుపు గట్టిగా బాదమని కూడా రాయి!" అని అరిచాడు.