గుంట పూడ్చిన దగ్గు

మా మేనత్త నర్సింగమ్మ పెళ్లయి పోచంపల్లి వచ్చిన నాటినుంచి గుంట మగ్గం మీదే కూర్చుంది. నట్టింట్లో గుంట, అందులో ఆమె కాళ్లు, ఎదురుగా రంగుల పోగులు. పండక్కి రమ్మన్నా "మగ్గం మీది చీర కోసినంక వస్త" అనేది.

అలాంటి మనిషిని కిందటేడు పొడి దగ్గు పట్టుకుంది. మాట్లాడితే దగ్గు, పడుకుంటే దగ్గు. కఫం లేదు, జ్వరం లేదు. మిరియాల కషాయం దగ్గర్నుంచి ఊళ్లోవాళ్లు చెప్పినవన్నీ తాగింది. ఎక్స్‌రే తీశారు, క్షయ పరీక్ష చేశారు, ఏమీ లేదన్నారు. ఇక అందరి కళ్లూ మగ్గం మీద పడ్డాయి. నూలు దుమ్మేనట! ఆ దుమ్ములోనే పుట్టి పెరిగిన వాళ్లు ఆ మాట అంటుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

"మగ్గం తీస్తె నన్ను తీసినట్టేరా" అని అత్త మొత్తుకుంది. కొడుకు నరేశ్ వినలేదు. తల్లంటే వాడికి ప్రాణం. మగ్గం విప్పి పెరట్లో పెట్టాడు, గుంట పూడ్చి పైన సిమెంటు చేయించాడు. అత్త ఆ సిమెంటు మీదే చాప వేసుకుని దగ్గుతూ కూర్చుంది.

దగ్గు మాత్రం తగ్గలేదు. మళ్లీ దవాఖానకు పోతుంటే నేనూ వెంట వెళ్లాను.

"మందులేమైనా వాడుతున్నారా?" అని డాక్టర్ అనూహ్య అడిగింది.

"ఏం లేవు మేడం" అంది అత్త. అంతకుముందు చూసిన డాక్టర్లకూ ఇదే జవాబు. లేవబోతుంటే నరేశ్ జేబులోంచి గోళీల షీటు తీశాడు.

"అమ్మా, పొద్దుగాల ఏసుకోలే నువ్వు."

"ఏమిటది?" డాక్టరమ్మ చెయ్యి చాపింది.

"బీపీ గోలి మేడం. రోజు నేనే ఇస్త."

"మందులు లేవన్నారు కదమ్మా!"

"గిది మందెట్లైతది మేడం? రోగమొస్తె ఏసుకునేది మందు. గిది రోజు తాగే చాయ లెక్కనాయె."

"ఎప్పటినుంచి వేసుకుంటున్నారు?"

"పోయిన బతుకమ్మ ముంగట్నుంచి. గా తర్వాతనే దగ్గు మొదలైంది."

ఈ రకం గోళీతో కొందరికి పొడి దగ్గు వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. "మీ అంతట మీరు మానేయకండి. వేరే రకం రాస్తాను. బీపీకి గోళీ మాత్రం తప్పదు."

నరేశ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. రోజూ తన చేత్తోనే ఇచ్చాడు మరి.

గోళీ మారింది. నెల తిరిగేసరికి దగ్గు పోయింది. ఒక పొద్దున నరేశ్ కొత్త గోళీ, గ్లాసుతో నీళ్లు తెచ్చి తల్లి ముందు తల దించుకుని నిలబడ్డాడు. అత్త గోళీ మింగి గ్లాసు వాడి చేతికిచ్చింది.

"పెరట్ల గడ్డపార ఉంది, తేపో" అంది. "పూడ్సింది నువ్వే, నువ్వే తవ్వు."