ప్రార్థన గ్రూపులో పడ్డ తాళంచెవి

ప్రిస్కిల్లాకు ఏ కష్టమొచ్చినా చర్చి యువజనుల ప్రార్థన గ్రూపులో పెట్టడం అలవాటు. బస్సు తప్పిపోయినా పెడుతుంది. కరీంనగర్‌లోని మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆమె పక్క కుర్చీ నాది. ఆ ఫోన్ టింగుటింగుమంటుంటే నాకు ఒళ్లు మండేది.

మొన్న ఆమెకు ఒక డయాలసిస్ సెంటర్ పని పడింది. ఎవరి వంతు ఎప్పుడో రోగుల ఫోన్లకు మెసేజ్ పోవాలి. అందుకు మెసేజ్‌లు పంపే కంపెనీ ఒక ఎపిఐ కీ ఇస్తుంది. కీ అంటే ఇనుప ముక్క కాదు, పొడుగాటి అక్షరాల వరుస. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే సెంటర్. పాత మెసేజ్‌లు, రోగుల నంబర్లు అన్నీ వాళ్లకు కనబడతాయి. దాన్ని సర్వర్‌లో తిజోరీ లాంటి చోట దాచి, ప్రోగ్రాం అడిగినప్పుడే అందేలా చేయాలి. ఈ మహాతల్లి ప్రోగ్రాంలోనే రాసేసింది. ఎంతకీ నడవకపోతే స్క్రీన్ ఫొటో తీసి, "గీ పని అయితలే, జర ప్రార్థన చెయ్యుండ్రి" అని గ్రూపులో పెట్టింది. కీ మొత్తం ఫొటోలో ఉంది. భక్తులు దాన్ని దుబాయి దాకా పంపించారు. పని మాత్రం అయింది.

మర్నాడు మధ్యాహ్నం చెన్నూరు నుంచి భూమన్న అనే రోగి, సెంటర్ మెసేజ్‌ల కింద ఉండే మా ఆఫీసు నంబరుకు ఫోన్ చేశాడు.

"బిడ్డా, రేపటి టర్న్ రద్దయింది, మల్ల కావాలంటే లింకు నొక్కుమని మెసేజ్ అచ్చింది. నేను రావద్దా?"

మేం అలాంటిదేమీ పంపలేదు. ప్రిస్కిల్లా వెంటనే గ్రూపు తెరిచి ఫొటో చూపించింది. "శ్యాం అన్నా, తాళంచెవి నేనే బజార్ల పడేసిన. ఎవడో దొంగకు దొరికినట్టున్నది."

చెడామడా తిట్టాలనిపించింది, కానీ టైం లేదు. ఆమె పాత కీ రద్దు చేసింది. కొత్తది తీసుకుని ఈసారి తిజోరీలో దాచింది. "రేపు మీ టర్న్ ఉంది, తప్పక రండి" అని రేపు వంతు ఉన్నవాళ్లందరికీ పంపింది. అప్పుడు తట్టింది నాకు. ఇది కూడా అదే పేరుతో పోయింది. రెండింటిలో ఏది నమ్మాలి వాళ్లు?

ఒక్కొక్కరికీ ఫోన్ చేశాం. ధర్మపురి దగ్గరుండే శంకరవ్వ తప్ప అందరూ వస్తామన్నారు.

"రద్దన్నది మీరే, రమ్మన్నది మీరే. ఫోన్ల ఎవలన్న ఏమన్న అంటరు" అని ఫోన్ పెట్టేసింది. మళ్లీ ఎత్తలేదు. ఈ వారం ఇప్పటికే ఒక వంతు తప్పిందని, ఇంకోటి తప్పితే ప్రాణానికే ముప్పని సెంటర్ నర్సు చెప్పింది. నాకు నిజంగా భయం వేసింది.

ఇద్దరం ధర్మపురి బస్సెక్కాం. 

శంకరవ్వ మమ్మల్ని గుమ్మంలోనే ఆపింది. కాళ్లు బాగా ఉబ్బి ఉన్నాయి. మాటకీ మాటకీ మధ్య ఆయాసపడుతోంది.

"నువ్వు సెంటర్ దానివని నాకెట్ల ఎరుక?"

ప్రిస్కిల్లా ఐడీ కార్డు తీయబోయి ఆగింది. "తప్పు మెసేజ్ అచ్చింది నా వల్లనే అవ్వా. నన్ను నమ్మకు. రాత్రికి నీ ఇంట్లనే ఉంట. రేపు నాతోని బస్సెక్కు. ఆడ నీకు టర్న్ లేకుంటే చెప్పుతోని కొట్టు."

శంకరవ్వ ఆమెను ఎగాదిగా చూసింది.

"కొట్టే ఓపిక ఏడున్నది బిడ్డా" అంటూ తలుపు పట్టుకుని మెల్లగా పక్కకు జరిగింది.