రిసాలి దాటిపోయిన దీదీ

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టడానికి నాకు మరీ అంత వయసు మీద పడలేదు గానీ, నేను సర్వజ్ఞురాలిగా బతికిన రోజులు కొన్ని ఉన్నాయి. వాటిని ఇంకే పేరుతో పిలవాలో తెలియడం లేదు. స్పెషల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా చేతికొచ్చి మూడు నెలలైంది. వైకల్యం ఉన్న పిల్లలు పద్దెనిమిది నిండి స్కూలు దాటిపోతే, వాళ్లకి పెద్దవాళ్ల బతుకు నేర్పే చిన్న కేంద్రం ఒకటి భిలాయిలో ఉంటే అందులో చేరాను. నా సబ్జెక్టు 'స్వతంత్ర ప్రయాణం'. అంటే ఎవరి తోడూ లేకుండా ఆటో ఎక్కడం, దిగడం, రోడ్డు దాటడం. ఇంత పెద్ద సబ్జెక్టు చెప్పే నన్ను మా నాన్న రోజూ పొద్దున్నే స్కూటర్ మీద దింపి, సాయంత్రం మళ్లీ వచ్చి ఎక్కించుకునేవారు. (గేటు దాకా రావద్దు, మలుపులోనే దింపమని బతిమాలేదాన్ని. టీచరుకి పరువు ఉంటుంది కదా.) అప్పటిదాకా నేను ఒంటరిగా షేర్ ఆటో ఎక్కిన పాపాన పోలేదు.

నా మొదటి శిష్యురాలు సెక్టర్ 2 అమ్మాయి. ఆమెకి పందొమ్మిదేళ్లు, డౌన్ సిండ్రోమ్. (నాకు ఇరవై రెండు. అయినా నేను ఆమెని 'పిల్ల' అనేదాన్ని.) కేంద్రంలో అందరూ ఆమెని ఇనస్పెక్టర్ అనేవారు. ఎవరు టిఫిన్ డబ్బా మూత సరిగ్గా పెట్టకపోయినా, ఎవరు చెప్పులు వంకరగా విడిచినా ఆమె కంట పడకుండా పోయేది కాదు. రిసాలిలో ఒక బేకరీలో బిస్కెట్లు ప్యాక్ చేసే పని ఆమెకి దొరికింది. పని వచ్చు, చెయ్యాలన్న మనసూ ఉంది. అడ్డమల్లా ఆటోలో వెళ్లే ఆ దారి. వాళ్లమ్మది శ్రీకాకుళం వైపు, మా అమ్మకి స్నేహితురాలు. నేను పిన్నీ అని పిలుస్తాను. పిన్ని నన్ను పక్కకి పిలిచి తేల్చి చెప్పేసింది.

"ఒక్కపాలి సూస్తాను. దానికి తెలీకుండా నువ్వు ఎనకాలెళ్లు. దారి తప్పిందా, ఇంక ఉద్యోగం లేదు ఏటీ లేదు, నా కళ్లముందు ఇంట్లోనే ఉంటాది. బస్, అంతే."

అప్పటికి రెండు నెలలుగా ఇనస్పెక్టర్‌తో మూడు సూత్రాలు వల్లె వేయిస్తున్నాను. ఎక్కేముందు ఆటో ఎక్కడికి పోతుందో అడగాలి. దారి తప్పితే కంగారు పడకుండా ఉన్నచోటే నిలబడాలి. ఫోన్ చేసి కళ్లముందు ఏముందో చెప్పాలి.

ఆ సోమవారం పొద్దున్న ఆమె ఆటోవాడిని ఆపి, రిసాలి వెళ్తుందా అని అడిగి, జవాబు రెండోసారి చెప్పించుకుని మరీ ఎక్కింది. నేను ముఖానికి చున్నీ చుట్టుకుని, కళ్లు మాత్రం బయటపెట్టి, వెనకే వచ్చిన ఇంకో ఆటోలోకి దూరాను. (ఎక్కడికి పోతుందో అడిగానా? గూఢచారులు అడుగుతారా ఎక్కడైనా?) ముందున్న ఆటో వెనకాల ఎర్ర రిబ్బను వేలాడుతోంది. దాన్నే గుర్తు పెట్టుకుని రెప్ప వేయకుండా కూర్చున్నాను. సిగ్నల్ దగ్గర నాలుగైదు ఆటోలు కలిసిపోయి మళ్లీ విడిపోయాయి. ఎర్ర రిబ్బను కనబడగానే హమ్మయ్య అనుకున్నాను. ఆ దారిలో సగం ఆటోలకి ఎర్ర రిబ్బను ఉంటుందని నాకెలా తెలుస్తుంది, ఎప్పుడైనా ఎక్కితే కదా.

ఇళ్లు పలచబడి పొలాలు కనబడేసరికి రిసాలి ఇంకా రాలేదా అని డ్రైవర్‌ని అడిగాను. "రిసాలీ తో కబ్ కా నికల్ గయా దీదీ, అబ్ ఉతై ఆయేగా" అన్నాడు. రిసాలి ఎప్పుడో దాటిపోయిందట, ఇక వచ్చేది ఉతై ఊరట. అంటే పిల్ల దిగాల్సిన చోట దిగలేదన్నమాట. ఉతై బజారులో ముందు ఆటో ఆగీ ఆగకముందే పరిగెత్తుకెళ్లి లోపలికి తొంగిచూశాను. కాలీఫ్లవర్ మూటలు, వాటి మధ్య ఒక ముసలావిడ. ముఖం కట్టుకున్న నన్ను చూసి ఆవిడ మూటలు దగ్గరికి లాక్కుంది.

ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ, అప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది. నన్ను నమ్మి పంపిన పిల్లని రోడ్డు మీద పోగొట్టాను. ఒకవేళ దొరికినా ఇంక వాళ్లమ్మ గడప దాటనివ్వదు. పిన్నికి ఏమని ఫోన్ చెయ్యాలా అని ఆలోచిస్తూంటే నా ఫోనే మోగింది. ఇనస్పెక్టర్.

"దీదీ, నేను బేకరీకి వచ్చీసేను. నువ్వెక్కడున్నావు?"

"ఇంట్లోనే" అన్నాను.

"అబద్ధం. నా ఎనకాల ఆటో ఎక్కేవు. మొహం కట్టీసుకున్నావు, చెప్పులు నీవే. రిసాలిలో దిగి నీకు చెయ్యి కూడా ఊపేను. నువ్వు సూడకుండా ఎళ్లిపోనావు."

అప్పుడు ఆమె గొంతు మార్చింది. క్లాసులో నేను వాడే ఓపిక గొంతు అది, అచ్చం నాదే.

"కంగారు పడకు దీదీ. ఉన్నచోటే నిలబడు. కళ్లముందు ఏటుందో చెప్పు."

"కాలీఫ్లవర్లు" అన్నాను.

"అది కాదు. బోర్డు చదువు."

చదివాను. రెండు వైపులా చూసి రోడ్డు దాటమంది, దాటాను. ఎక్కేముందు అడగమంది, అడిగాను. నేను రిసాలిలో దిగేసరికి ఇనస్పెక్టర్ బేకరీ ముందు తలకి టోపీ పెట్టుకుని నిలబడి ఉంది. నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి "ఠీక్ హై" అని లోపలికి వెళ్లిపోయింది. ఆమెకి డ్యూటీ టైమయింది.

సాయంత్రం పిన్ని గుమ్మంలోనే పట్టుకుంది. "ఏటమ్మా, తప్పిపోనాదా?"

లేదు పిన్నీ అనబోయాను. ఇనస్పెక్టర్‌కి అబద్ధం చేతకాదు. "తప్పిపోనాది" అంది. పిన్ని ముఖం వాడిపోయింది. "దీదీ తప్పిపోనాది. ఉతై ఎళ్లిపోనాది."

పిన్ని నావైపు తిరిగింది. నేర్పే మనిషే దారి తప్పితే కూతుర్ని ఏ తల్లి పంపుతుంది? అయిపోయింది, పిల్ల ఉద్యోగం నా చేతులారా పోగొట్టాననుకున్నాను.

"మరెవులు తెచ్చేరు?" అంది పిన్ని.

"నేనే. ఫోన్లో."

పిన్ని గుమ్మంలోంచి పక్కకి తప్పుకుంది. తర్వాత "రేపు ఎన్ని గంటలకెళ్లాలి?" అని అడిగింది. నన్ను కాదు, కూతుర్ని.

ఇనస్పెక్టర్ ఇప్పటికీ ఆ బేకరీలోనే ఉంది. చున్నీ చుట్టుకున్న ఆ సర్వజ్ఞురాలిని తలుచుకుంటే నాకిప్పుడు కోపం రాదు, దగ్గరుండి రోడ్డు దాటించాలనిపిస్తుంది. ఆ సర్వజ్ఞురాలికి కాస్త బుద్ధి వెంటనే వచ్చిందనే చెప్పాలి. ఆ మర్నాడు నేను బేకరీకి వెళ్లి ఇనస్పెక్టర్ పని చూడాల్సి ఉంది. స్కూటర్ వద్దు నాన్నా, ఆటోలో వెళ్తానన్నాను. నాన్న మారు మాట్లాడకుండా సరే అన్నారు. అంత సులువుగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావలసింది.

రిసాలిలో దిగి నిలబడేసరికి వెనకనుంచి తెలిసిన స్కూటర్ ఒకటి వచ్చింది. హెల్మెట్ కింద ముఖమంతా చుట్టిన గమ్‌ఛా తువ్వాలు, చూపంతా ముందు పోతున్న ఎర్ర రిబ్బను ఆటో మీద. చెయ్యి ఊపాను. చూడకుండా ఉతై వైపు వెళ్లిపోయారు. కాసేపు ఆగి ఫోన్ చేశాను.

"నాన్నా, కంగారు పడకు. ఉన్నచోటే నిలబడు. కళ్లముందు ఏముందో చెప్పు."

అటునుంచి స్కూటర్ ఇంజిన్ ఆపిన చప్పుడు వినబడింది.

"కాలీఫ్లవర్లమ్మా" అన్నారు నాన్న.