గేటు కంపెనీది, పుస్తకం గవర్నమెంటుది

రోజుకు నాలుగు కప్పుల కాఫీ తాగే మనిషి కాఫీ చెట్టు మొహమే ఎరగడని మా ఆవిడ పదిమందిలో నవ్వింది. ఆ ఉక్రోషంతోనే బయల్దేరాను. విశాఖలో ఉదయం రైలెక్కితే పదకొండు దాటాక అరకు. అక్కడి నుంచి కొండ వ్యూపాయింటు కింద ఉన్న ఊరికి రానూపోనూ ఆటో తొమ్మిది వందలు. ఆటో నడిపే అప్పన్న ఒక్క రూపాయి తగ్గలేదు.

ఊళ్ళో లచ్చమ్మ అనే పెద్దావిడ ఇంట్లో టీ తాగాం. ఆమె కాఫీ తోట, కొండదారికి కొత్తగా పెట్టిన గేటుకు పైన ఉంది. పళ్ళు రాలిపోతున్నా ఆమే కాదు, ఊళ్ళో ఎవరూ కోతకు వెళ్ళడం లేదట.

"గేటు కాడ పుస్తకంలో ఏలిముద్ర ఎయ్యమంతన్నారు. నానెయ్యను," అంది.

"పైన కంపెనీ డ్యామ్ కడతాదట సార్. ఊరు ఒప్పుకోవాల గదా, అదీ బయం," అన్నాడు అప్పన్న.

"ఒక్క సంతకానికి ఏడాది పంట వదులుకుంటారా?" అని నవ్వాను. ఎక్కడ పుస్తకం పెడితే అక్కడ గీకేసే అలవాటు నాది. ఆమె నవ్వలేదు.

గేటు దగ్గర, "ఇది కంపెనీ గేటు సార్, పుస్తకంలో రాయాల," అన్న ఖాకీ డ్రెస్సు గార్డుకు సంతకం పెట్టిచ్చి నలభై నిమిషాలు ఎక్కాను. మంచు కమ్మేసింది. పుస్తకంలో ఆ పూటే పాతిక పేర్లున్నాయి, మంచుకు జడిసి ముందే దిగిపోయారేమో, కొండ మీద మాత్రం నరపురుగు లేదు. కోతల కాలంలో ఒక్క మాట, ఒక్క దగ్గు వినపడలేదు. పండిన పళ్ళు ఆకుల మీద టప్, టప్‌మని రాలుతున్నాయి. నా వెనకాల ఎవరో నడుస్తున్నట్టే ఉంది. భయమేసి, వ్యూపాయింటు దాకా పోకుండానే దిగిపోయాను.

గార్డు టీ కాచుకుంటున్నాడు. బయటికొచ్చిన టైము వేద్దామని పుస్తకం తీశాను. క్లిప్పు కింద మడిచి ఉన్న పేజీ పైభాగం విడిపోయింది. 'గ్రామసభ: ప్రాజెక్టుకు సమ్మతి తెలిపినవారు.' నా పేరు పక్కన, ఊరు అన్న గడిలో, నాది కాని చేతిరాతతో ఈ ఊరి పేరు. పైన ఉన్న పాతిక మందికీ అదే ఊరు. పక్కన రాసిన బండి నంబర్లూ హోటల్ పేర్లూ చూస్తే, అందరూ నాలాంటి షికారు జనమే. నా పేరు కొట్టేద్దామని పెన్ను తీశాను.

"గీతలెట్టకండి సార్. అది గవర్నమెంటు పుస్తకం."

"గేటు కంపెనీదన్నావుగా?"

"గేటు కంపెనీది. పుస్తకం గవర్నమెంటుది."

"మరి నువ్వు?"

అతను తన ఖాకీ చొక్కా వంక చూసుకున్నాడు. "జీతం కంపెనీదే సార్," అని పుస్తకం లాక్కున్నాడు.

సిగ్గు చంపుకుని లచ్చమ్మకు చెప్పాను. "అయితే మా ఊరోడివైపోనావు. బేగి పద, ఆపీసుకెళ్ళి వద్దని సెప్పు," అంటూ ఆటో ఎక్కేసింది.

నాలుగున్నరకు మండలాఫీసులో గుమస్తా మా మాట పూర్తిగా వినలేదు. "ప్రైవేటు కంపెనీ గేటుకు మాకేం సంబంధమండీ?" అన్నాడు. అతని మోచేతి కింద అలాంటి పుస్తకాలే మూడున్నాయి, ఆఫీసు ముద్రతో. లచ్చమ్మ వాటిని వేలితో చూపించింది. అతను మోచెయ్యి తీయలేదు. నేను ఊరివాణ్ణి కాదు, ఒప్పుకోలేదు అని రాసిచ్చిన అర్జీ మాత్రం తీసుకున్నాడు, రసీదు ఇవ్వలేదు.

రాత్రి బస్సులో నన్ను వేధించింది ఆ మోచెయ్యే. తప్పెవరిదని అడిగితే కంపెనీవాళ్ళు పుస్తకం గవర్నమెంటుదంటారు, ఆఫీసువాళ్ళు గేటు కంపెనీదంటారు. ఊరి సమ్మతి మాత్రం ఇద్దరికీ పనికొస్తుంది. వెళ్ళేవాళ్ళకు ఒక్కటే సలహా: సంతకం పెట్టేముందు క్లిప్పు తీసి పేజీ పైభాగం చదవండి. ఇప్పటికే వెళ్ళొచ్చిన వాళ్ళుంటే, మీరూ ఆ ఊరివాళ్ళే అయిపోయి ఉంటారు. మండలాఫీసుకొచ్చి వద్దని చెప్పండి.