చేతులు అడ్డం పెట్టని ప్రొఫెసరుగారు

ఆ రోజుల్లో మా ఏలూరులో ఎవరింట భోజనానికి కూర్చున్నా, నోటితో "చాలు" అంటే లెక్కలోకి వచ్చేది కాదు. మొదటి చాలు మర్యాదకి, రెండోది మొహమాటానికి. మూడోసారి రెండు చేతులూ విస్తరికి అడ్డం పెట్టి, ముందుకు వంగి, "మీకు పుణ్యముంటుందండీ, ఇంక వద్దండీ" అని బతిమాలితే, అప్పుడు వడ్డించేవారు ఒక అడుగు వెనక్కి వేసేవారు (అదీ చేతుల సందులోంచి ఓ గరిటెడు జారవిడిచాకే). ఈ పద్ధతి పాలు తాగే పిల్లలకి కూడా తెలుసని మేమందరం అనుకునేవాళ్లం. తెలియనివాళ్లు కూడా లోకంలో ఉంటారనీ, అలాంటి ఒకాయన చేతిలోనే నా బతుకుతెరువు ఉండబోతోందనీ నాకు కలలోనైనా తోచలేదు.

ముప్ఫైల నాటి మాట. ఇంటర్మీడియెట్ దాకా మాత్రమే ఉన్న మా కాలేజీలో నేను లెక్కల ట్యూటర్ని. అదైనా జబ్బుచేసి సెలవు పెట్టిన ఒక పెద్దాయన కుర్చీలో వేసవి దాకా కూర్చోమన్న ఉద్యోగం. ఆ తరవాత ఏమిటంటే, మా మామయ్య సిద్ధంగా ఉన్నాడు. తాడేపల్లిగూడెంలో రైసుమిల్లులో గుమాస్తా ఆయన. తన పక్కన నాకోసం ఓ బల్ల అట్టేపెట్టి, కనబడినప్పుడల్లా "ఎందుకురా ఈ తిప్పలు? అక్కడా లెక్కలే, ఇక్కడా లెక్కలే. ఇక్కడైతే పండక్కి బియ్యం కూడా ఇస్తారు" అనేవాడు. ఆ మాటా నిజమే. కాని నాకు పాఠం చెప్పడమంటే ప్రాణం. బోర్డు మీద లెక్క తేలగానే వెనక బెంచీలోంచి ఏ ఒక్కడో "ఓహో" అంటాడు చూడండి, ఆ ఒక్క ఓహో కోసం నేను రాత్రంతా పుస్తకం ముందు కూర్చునేవాణ్ణి. ధాన్యం బస్తాలు ఎంత బాగా చెప్పినా ఓహో అనవు కదా!

అలాంటి సమయంలో చుట్టుపక్కల జిల్లాల లెక్కల మాస్టార్ల మహాసభ మా కాలేజీలో జరపాలని నిశ్చయమైంది. విశ్వవిద్యాలయం నుంచి ఒక ప్రొఫెసరుగారు అధ్యక్షత వహిస్తారు. మా ప్రిన్సిపాలుగారు నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు. "ఇదిగో అబ్బాయ్, ఆయన సంతోషంగా రైలెక్కాడా, ఆయన సిఫార్సుతో మనకి బి.ఏ. లెక్కల క్లాసు వస్తుంది. క్లాసు వస్తే నువ్వుంటావు. రాలేదా..." అని ఆయన కిటికీలోంచి తాడేపల్లిగూడెం వైపు చూశారు (నాకలా అనిపించింది). "అందుకని భోజనాల బాధ్యత నీమీద పెడుతున్నాను. భోజనాలయ్యాక వ్యాసం చదవడానికి ఎవరూ ఒప్పుకోవడంలేదు, అదీ నువ్వే చదువు" అన్నారు. ఆ వేళకి ఎవరూ ఎందుకు ఒప్పుకోలేదో ఆలోచించే వయసు కాదు నాది. ఆహా, నా ప్రతిభ గుర్తించారనుకుని గాలిలో తేలుతూ ఇంటికి వెళ్లాను.

ఇల్లంటే మా దొడ్డమ్మ ఇల్లు. మా అమ్మకి అక్కగారు. పిల్లలు లేరు, పెదనాన్న పోయి చాలాకాలమైంది. పెంటపాడు నుంచి చదువుకి వచ్చిన నాకు అన్నం పెట్టి ఇంతవాణ్ణి చేసింది ఆవిడే. సంగతంతా విని, "అంటే ఆయన తృప్తిగా తింటే నీ ఉద్యోగం నిలుస్తుందన్నమాట" అంది. "అలా కాదు దొడ్డమ్మా, నా వ్యాసం..." అన్నాను. "వ్యాసం నువ్వు చూసుకో నాయనా. విస్తరి నేను చూసుకుంటాను" అని చీరకొంగు బిగించింది.

మహాసభ రోజున కైకలూరు వైపు మాస్టార్లు తెల్లవారకముందే కొల్లేటి మీద పడవల్లో బయలుదేరి, పంచెలు మోకాళ్లదాకా తడుపుకుని వచ్చారు. ప్రొఫెసరుగారు రైల్లో వచ్చారు. అరవదేశం ఆయన. సన్నగా, పొడుగ్గా, ఎంతో గంభీరంగా ఉన్నారు. తెలుగు పుస్తకాలు చదివి నేర్చుకున్నారట, మాటలు అచ్చులో వేసినట్టు పలికేవారు. పొద్దుటి సభ దివ్యంగా జరిగింది. సాయంకాలం పడవ మీద ఆయనకి కొల్లేటి పక్షుల్ని చూపించాలని కూడా ఏర్పాటు చేశాం. ఇంక కాలేజీ వరండాలోనే దొడ్డమ్మ ఏర్పాటు చేసిన భోజనాలకి లేచాం.

కంద బచ్చలి కూర, గుత్తి వంకాయ, పులిహోర, పూర్ణం బూరెలు. బూరెకి వేలితో చిల్లు పొడిచి, అందులో నిండా నెయ్యి పొయ్యడం మా దొడ్డమ్మ స్వయంగా చూసుకుంది. ప్రొఫెసరుగారు తిన్నారు. దొడ్డమ్మ ఇంకో రెండు తెచ్చింది. ఆయన మెల్లగా "చాలును" అన్నారు. ఒకటో చాలు కదా, దొడ్డమ్మ వేసేసింది. ఆయన ఒక్క క్షణం వాటివైపు చూసి, తినేశారు. ఆయన చిన్నప్పుడు తల్లి ఒట్టు వేయించుకుందట, విస్తట్లో పడ్డది వదలకూడదని! ఈ ముక్క మాకు తరవాత తెలిసింది. ఖాళీ అయిన విస్తరి చూసి దొడ్డమ్మ గుండె కరిగిపోయింది. "అయ్యో, ఎంత ఆకలి మీద ఉన్నారో పాపం! నోరు విడిచి అడగలేరు" అని మళ్లీ వేసింది. ఆయన "చాలును" అనడం, ఈవిడ వెయ్యడం, ఆయన తినెయ్యడం, ఈవిడ జాలిపడడం. నేను ఆ రోజు చదవబోయే వ్యాసం శ్రేణుల మీద. ఒకదాని తరవాత ఒకటిగా అంకెలు కూడుకుంటూ పోతే ఎప్పటికైనా ఒకచోట నిలుస్తుందా లేదా అని చెప్పే శాస్త్రం. నా కళ్లముందు విస్తట్లో నడుస్తున్న శ్రేణి నిలిచే రకం కాదని నాకు అర్థమైపోయింది. ఆయన చెవిలో "చేతులు అడ్డం పెట్టండి సార్" అందామనుకున్నాను. అంత పెద్దాయనకి తినడం నేర్పడానికి నేనెవర్ని? దొడ్డమ్మ కొంగు పట్టుకు లాగితే "నువ్వూరుకో, నీకేం తెలీదు" అని కసిరింది. చివరికి గడ్డపెరుగు కూడా అయ్యాక ఆయన లేవబోయి, లేవలేక, నా భుజం పట్టుకున్నారు.

ఇంక నా వ్యాసం. ఆ హాలుకి కిటికీలన్నీ కొల్లేటివైపే. చల్లగాలి తెరలు తెరలుగా వస్తోంది. నేను "అధ్యక్షా" అని మొదలుపెట్టేసరికి (ఇంగ్లీషులోనే లెండి) అధ్యక్షులవారి గడ్డం ఛాతీకి ఆనుకుంది. రెండో సమీకరణం దగ్గరికి వచ్చేసరికి ముందు వరస మొత్తం ఒరిగిపోయింది. కైకలూరు హైస్కూలు మాస్టారు, ఆయన్ని అందరూ త్రిభుజం మాస్టారనేవారు, గుర్రు పెడుతున్నారు. ప్రిన్సిపాలుగారు కూడా కళ్లు మూశారు. గొంతు పెంచాను, సుద్దముక్క బోర్డుమీద కొట్టాను, దగ్గాను. ఊహూఁ! సరే కానీ అని రాసుకుంటూ పోతుండగా, ఒక్కసారిగా నా చెయ్యి ఆగిపోయింది. పైన ఒకచోట భాగహారం చేశానా, ఆ భాగించిన అంకె ఒకానొక సందర్భంలో సున్నా అవుతుంది. సున్నాతో భాగించకూడదని నేనే రోజూ పిల్లలకి మొట్టికాయలు వేసి చెబుతాను! పునాది పోయింది, వ్యాసమంతా పోయింది. సుద్దముక్క దించేసి చదవడం ఆపేశాను.

నడుస్తున్న రైల్లో నిద్రపోయేవాడికి రైలు ఆగితే మెలకువ వస్తుంది చూశారా, నేను నోరు మూసుకునేసరికి హాలంతా లేచి కూర్చుంది. అయిపోయిందనుకుని ఎవరో చప్పట్లు కొట్టారు, తక్కినవాళ్లూ కొట్టారు. ప్రొఫెసరుగారు కళ్లు నులుముకుని బోర్డువైపు చూశారు.

"ఏల ఆగినారు?" అని అడిగారు.

"ఇక్కడ తప్పుందండి."

"ఎవరు కనిపెట్టినారు?"

"నేనేనండి. తక్కినవారందరూ..." అని హాలువైపు చూసి నాలుక కరుచుకున్నాను.

త్రిభుజం మాస్టారు లేచి నిలబడి, "ఆయ్, మేమూ దాని గురించే ఆలోచిస్తున్నామండీ, కళ్లు మూసుకుని" అన్నారు. ఎవరూ నవ్వలేదు. ప్రొఫెసరుగారు "కూర్చొనుడు" అన్నారు, అంతే. కొల్లేటి ప్రయాణం మాట ఎత్తితే, "వలదు. నేనెక్కినచో పడవ మునుగును" అన్నారు. ప్రిన్సిపాలుగారు నావైపు చూడను కూడా చూడలేదు.

ఇంటికి వెళ్లి, "అయిపోయింది దొడ్డమ్మా, రైసుమిల్లే గతి" అని గోడకి చేరగిలబడ్డాను. కళ్లనీళ్లు తిరిగాయి. "ఆయన నిద్రపోయారా?" అంది. "హాయిగా." "మరింకేం? నచ్చనివాళ్లింట్లో ఎవరైనా నిద్రపోతారుట్రా? లే, స్టేషనుకి వెళ్లి సాగనంపిరా" అని, దారిలో తినడానికని బూరెల పొట్లం కూడా చేతిలో పెట్టింది.

స్టేషన్లో ప్రిన్సిపాలుగారి వెనక దాక్కుని నిలబడ్డాను. ప్రొఫెసరుగారు పెట్టె ఎక్కబోతూ ఆగి, నన్ను ముందుకు పిలిచారు. ప్రిన్సిపాలుగారితో అన్నారు: "ఈ దినము ఎక్కడ ఆగవలెనో నాకు తెలియలేదు. ఈ అబ్బాయికి తెలిసినది. అందరూ నిద్రించుచుండగా కూడ తెలిసినది. పాఠము చెప్పువానికి అది చాలును. మీ బి.ఏ. తరగతికి నేను వ్రాయుదును, ఇతనిని పోనీయకుడు." తరవాత నా చేతిలోని పొట్లం చూసి గతుక్కుమని, అయినా అందుకుని, గొంతు తగ్గించి, "ఆ అమ్మగారికి నా నమస్కారము చెప్పవలెను. మా అమ్మ పోయిన పిమ్మట నాకు ఇంకొకటి వేయుదునా అని ఎవరునూ అడుగలేదు" అన్నారు. రైలు కదిలిపోయింది. నేను చేతులు జోడించి అలాగే ఉండిపోయాను.

క్లాసు వచ్చింది, నేను ఉన్నాను. రిటైరయ్యేదాకా ఆ బోర్డు దగ్గరే ఉన్నాను, కావలసినన్ని ఓహోలు విన్నాను. మామయ్య బల్ల మీద వేరే ఎవరో కూర్చున్నారు. మరుసటి ఏడాది ప్రొఫెసరుగారు తనిఖీకి వచ్చినప్పుడు నేనే ముందుగా రహస్యం చెప్పాను. దొడ్డమ్మ గిన్నెతో కనబడగానే ఆయన రెండు చేతులూ విస్తరి మీద బోర్లించేశారు. ఆవిడ ఆ పూటంతా బెంగపెట్టుకుంది, "చిక్కిపోయారురా పాపం, నిరుడు తిన్నట్టు తినడమే లేదు" అని.

ఆయనా లేరు, దొడ్డమ్మా లేదు. నేను తిన్న ప్రతి మెతుకూ ఆ ఇద్దరి చలవే. ఇప్పుడు మా మనవరాలు నాకు వడ్డిస్తుంది. మంచి పిల్ల, చదువుకున్న పిల్ల. నేను పాత అలవాటు కొద్దీ మర్యాదకి ఒక్కసారి "చాలమ్మా" అంటాను. అది నిజమేననుకుని గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోతుంది. నేను మాత్రం కాసేపు గుమ్మంకేసి చూస్తూ కూర్చుంటాను, రెండు చేతులూ ఒళ్లోనే పెట్టుకుని.